మొద్దును బట్టి యంత్రం

(కట్టెల వ్యాపారం చేసుకునే చిన్న అడితీల వాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత ప్రతి. చివర్లో సభలోనుంచి వచ్చిన కొన్ని ప్రశ్నలు, వాటి జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనకాల నుంచున్నవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మాట వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

లోపలికి వచ్చేటప్పుడు గేటు పక్కన రెండు మొద్దులు చూసే ఉంటారు. ఒకటి సరుగుడు, రెండోది చింత. రెండూ ఒకే పొడవు కోయించాను, లావు కూడా ఇంచుమించు ఒకటే. వాటి పక్కనే మొద్దులు చీల్చే యంత్రం ఉంది. మాట్లాడటం అయిపోయాక ఆ రెండింటినీ దానిమీద పెట్టి చూద్దాం. అప్పటిదాకా ఆ రెండు మొద్దులూ మీ మనసులో ఉండనివ్వండి, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు మాటలు సరిచేసుకుందాం. చెట్టు కొట్టాక పొడుగ్గా ఉండేది దుంగ. దాన్ని పొయ్యికి సరిపడా పొడవున అడ్డంగా కోస్తే వచ్చేది మొద్దు. మొద్దును నిలువునా చీలిస్తే వచ్చేది పేడు. మనం అమ్మేది పేళ్లు. మనం కొనబోయే యంత్రం చేసేది మొద్దుకీ పేడుకీ మధ్య ఉన్న పని ఒక్కటే. ఈ సంగతి ఇంత చిన్నదైనా, యంత్రం కొనేటప్పుడు దీన్నే మరిచిపోతాం. నేనూ మరిచిపోయాను.

నేను ఈ పనిలోకి గొడ్డలితో వచ్చినవాణ్ణి. గొడ్డలి, సమ్మెట, చెక్కలో దిగగొట్టి చీల్చే రెండు ఇనుప వెడ్జ్‌లు. కొన్నేళ్లకు భుజాలు మాట వినడం మానేశాక యంత్రం కొందామని వెళ్లాను. అమ్మే మనిషిని నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎన్ని టన్నుల బలంతో నెడుతుంది? అక్కడున్న వాటిలో ఎక్కువ టన్నులు రాసి ఉన్నది కొనుక్కొచ్చాను. దాని బలానికి వంక పెట్టను. ఏ మొద్దు పెట్టినా చీల్చింది. కానీ సాయంత్రం అయ్యేసరికి కుప్ప చూస్తే నేను అనుకున్నదాంట్లో సగం కూడా లేదు. రోజంతా నేను చేసిన పనేమిటంటే, లివర్ పట్టుకొని ర్యామ్, అంటే మొద్దును నెట్టే ఇనుప దిమ్మ, ముందుకు వెళ్లేదాకా చూడటం, మళ్లీ వెనక్కి వచ్చేదాకా చూడటం. రెండు సీజన్లు దానితోనే నెట్టుకొచ్చాను. ఎందుకు నెమ్మదిగా ఉందో తెలుసుకోవడానికి ఆ రెండు సీజన్లు పట్టింది. ఆ తెలుసుకున్నది మీకు ఇవాళ చెబుదామని వచ్చాను.

టన్నులు ఎక్కడి నుంచి వస్తాయో చూద్దాం. హైడ్రాలిక్ యంత్రంలో ఇంజను పంపును తిప్పుతుంది, పంపు ఆయిల్‌ను సిలిండర్‌లోకి తోస్తుంది, సిలిండర్‌లో పిస్టన్ కదిలి ర్యామ్ మొద్దును వెడ్జ్ మీదకి నెడుతుంది. ఎంత బలంగా నెడుతుందన్నది రెండే రెండు విషయాలు తేలుస్తాయి: ఆయిల్ ప్రెజర్, పిస్టన్ ముఖం వైశాల్యం. ఇంజను ఎన్ని హార్స్‌పవర్ అన్నది ఆ లెక్కలోకే రాదు.

సిలిండర్ లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లు అనుకోండి. పిస్టన్ వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. ప్రెజర్ చదరపు సెంటీమీటరుకు 175 కిలోలు ఉంటే, రెంటినీ గుణించండి: దాదాపు 13,700 కిలోలు, అంటే 13.7 టన్నులు. అదే ప్రెజర్‌తో సిలిండర్ 125 మిల్లీమీటర్లది పెడితే 21.5 టన్నులు. యంత్రం మీద అంటించిన కాగితం ఏం చెప్పినా సరే, సిలిండర్ వ్యాసం, ప్రెజర్ ఈ రెండూ అడిగి, అక్కడే ఫోన్‌లో గుణించుకోండి. కాగితం మీదున్న అంకె ఎక్కువగా ఉండి, మీ లెక్క తక్కువ వస్తే, ఎందుకో చెప్పమనండి. ఇంకో చిన్న మాట. అమెరికాలో టన్ను అంటే 907 కిలోలు. అక్కడి కాగితం మీద 25 టన్నులు అని ఉంటే మన లెక్కలో అది 22.7 టన్నులే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సిలిండర్ లావెక్కితే బలం పెరిగింది కదా. దాన్ని నింపడానికి పట్టే ఆయిల్ కూడా పెరిగింది. ర్యామ్ 60 సెంటీమీటర్లు కదిలేది అనుకుంటే, 100 మిల్లీమీటర్ల సిలిండర్ నిండటానికి 4.7 లీటర్లు కావాలి. 125 మిల్లీమీటర్లదానికి 7.4 లీటర్లు. పంపు రెంటికీ ఒకటే, నిమిషానికి 40 లీటర్లు ఇచ్చేది అనుకోండి. చిన్న సిలిండర్ 7 సెకన్లలో ముందుకు వెళ్తుంది, పెద్దది 11 సెకన్లు తీసుకుంటుంది. వెనక్కి రావడానికి పిస్టన్‌ను ర్యామ్‌కు కలిపే రాడ్ ఆక్రమించిన చోటు పోను కాస్త తక్కువ ఆయిల్ చాలు. 50 మిల్లీమీటర్ల రాడ్ ఉంటే, వెళ్లిరావడం రెండూ కలిపి చిన్నదానికి 12 సెకన్లు, పెద్దదానికి 20 సెకన్లు. ఇలా ఒకసారి వెళ్లిరావడమే ఒక స్ట్రోక్. ఒక్క స్ట్రోక్‌కి 8 సెకన్ల తేడా. రోజుకు 500 స్ట్రోకులు వేస్తే గంటకు పైగా సమయం. నా రెండు సీజన్లలో రోజూ పోయిన గంట అదే. పెద్ద సిలిండర్, చిన్న పంపు. బలం కొనుక్కున్నాను, దాన్ని కదిలించే ఆయిల్ కొనుక్కోలేదు.

అందుకని రెండో ప్రశ్న తప్పనిసరి: పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు? మూడో ప్రశ్న: అది రెండు దశల పంపేనా? ఈ రెండు దశల పంపు గురించి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఈ యంత్రాల్లో నాకు అన్నింటికన్నా నచ్చిన తెలివి అదే.

ర్యామ్ ఖాళీగా కదులుతున్నప్పుడు బలం అక్కర్లేదు, వేగం కావాలి. వెడ్జ్ చెక్కలో దిగి ఆగినప్పుడు వేగం అక్కర్లేదు, బలం కావాలి. రెండు దశల పంపులో ఒకే షాఫ్ట్ మీద రెండు జతల గేర్లు ఉంటాయి. ఎదురు లేనప్పుడు రెండూ కలిసి ఆయిల్ తోస్తాయి. ప్రెజర్ పెరగగానే పెద్ద జత తన ఆయిల్‌ను ఊరికే తిరిగి పంపేస్తుంది, చిన్న జత ఒక్కటే పూర్తి ప్రెజర్‌తో నెడుతుంది. నిమిషానికి 40 లీటర్లు 45 బార్ దగ్గర తోయాలంటే 3 కిలోవాట్లు కావాలి. 10 లీటర్లు 180 బార్ దగ్గర తోయాలన్నా అదే 3 కిలోవాట్లు. బార్ అన్నా, చదరపు సెంటీమీటరుకు కిలో అన్నా మన పనికి ఒకటే అనుకోండి. ఒకే దశ పంపుతో 40 లీటర్లనూ 180 బార్ దగ్గర తోయాలంటే 12 కిలోవాట్లు కావాలి. అంటే నాలుగింతల ఇంజను. చిన్న పెట్రోల్ ఇంజను పెట్టి కూడా పని లాగగలుగుతున్నామంటే ఆ రెండు జతల గేర్ల పుణ్యమే. చెవి పెట్టి వింటే దశ మారడం తెలుస్తుంది, ఇంజను శబ్దం ఒక్కసారి బరువెక్కుతుంది. చీలగానే మళ్లీ తేలిక పడుతుంది.

ఇక చెక్క సంగతి. వెదురు చీల్చినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కత్తి కొస దిగితే చాలు, చీలిక కత్తికన్నా ముందు పరుగెత్తుతుంది. నార నిటారుగా ఉన్న ఏ చెక్క అయినా అంతే. నారను అడ్డంగా తెంపడం చాలా కష్టం, నారకీ నారకీ మధ్య విడదీయడం తేలిక. వెడ్జ్ చేసేది ఆ విడదీయడమే. బయట ఉన్న సరుగుడుకు 13 టన్నులు కూడా అక్కర్లేదు. చింత అలా కాదు. దాని నార ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటుంది. చీలిక ముందుకు పరుగెత్తదు. వెడ్జ్ ఎంత దూరం పోతే అంత దూరమే చీలుతుంది, అదీ నారను తెంపుకుంటూ. యూకలిప్టస్‌లో కొన్ని రకాలూ, చలిదేశాల్లో ఎల్మ్ చెట్టూ ఇదే బాపతు. వాటికితోడు కణుపులు. కొమ్మ పుట్టిన చోట కొమ్మ నార మొద్దు నారకు అడ్డంగా దూరి మేకులా పట్టుకుంటుంది. పంగ దగ్గర కోసిన మొద్దు సంగతి మీకు తెలిసిందే.

కాబట్టి యంత్రం చూడటానికి వెళ్లేముందు మీ అడితీలోకి వెళ్లి కుప్ప చూడండి. ఏ చెట్లు వస్తున్నాయి, ఎంత లావు, ఎన్ని కణుపులు, పచ్చివా ఎండినవా. వందకి తొంభై నిటారు నార ఉంటే, మిగిలిన పది కోసం పెద్ద సిలిండర్ కొనొద్దు. ఆ పదీ పక్కన పెట్టి, రంపంతో కోసి ఇవ్వండి, లేదా పొడవు తగ్గించి కోయండి. పొట్టి మొద్దు తేలిగ్గా చీలుతుంది. చాలా రకాల చెక్క పచ్చిగా ఉన్నప్పుడే తేలిగ్గా చీలుతుంది కూడా. పైగా చీల్చాకే త్వరగా ఆరుతుంది, ఎందుకంటే బెరడు నీటిని బయటికి పోనివ్వదు. నీళ్లు పోయేది కోసిన ముఖం నుంచీ చీల్చిన ముఖం నుంచీ. మొద్దులుగా నిలవ పెట్టి, అమ్మే ముందు చీల్చి, ఎండిన కట్టెలని ఇవ్వకండి. తేమ చూసే మీటరు ఉంటే అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద గుచ్చి చూడండి. 20 శాతం కన్నా దిగితేనే అది మండే కట్టె. పైన ఆరినట్టు కనిపించే మొద్దు లోపల ఎంత తడి దాచుకుంటుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

(నీళ్లు తాగుతూ కొద్దిసేపు విరామం.)

ఇప్పుడు నాకు అన్నింటికన్నా ముఖ్యమైన విషయం. ఒక రోజు నేను చీలుస్తుంటే మా అబ్బాయి వాచీ పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఒక మొద్దు పూర్తయ్యేదాకా యంత్రం కదిలిన సమయం వేరుగా, నేను కదిలిన సమయం వేరుగా రాసుకున్నాడు. నేను కదిలిన సమయమే చాలా ఎక్కువ. మొద్దు ఎత్తడం, బీమ్ మీద, అంటే మొద్దును పెట్టే ఇనుప దూలం మీద సర్దడం, చీలాక ఒక సగం అటు ఒక సగం ఇటు కింద పడితే వంగి మళ్లీ ఎత్తడం, మళ్లీ సర్దడం. అంతకుముందు నేను యంత్రం నెమ్మదిగా ఉందని తిట్టుకునేవాణ్ణి. ఆ కాగితం చూశాక నా నడుముకు క్షమాపణ చెప్పుకోవాలనిపించింది.

బరువు లెక్క చెబుతాను. పచ్చి చెక్క ఘన మీటరుకు సుమారుగా 1,000 కిలోలు అనుకోండి. 40 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మొద్దు 28 కిలోలు. వ్యాసం 40 అయితే 50 కిలోలు. 60 అయితే 113 కిలోలు. వ్యాసం రెట్టింపు అయితే బరువు నాలుగింతలు. 28 కిలోల మొద్దును నడుము ఎత్తుకు ఎత్తగలం, రోజంతా కాకపోయినా కాసేపు. 113 కిలోలదాన్ని ఎత్తకూడదు. ఎత్తగలిగినా ఎత్తకూడదు.

అందుకే బీమ్ అడ్డంగా ఉండాలా నిలువుగా ఉండాలా అన్న ప్రశ్నకు జవాబు మీ మొద్దుల లావులో ఉంది. ఎక్కువ భాగం 30 సెంటీమీటర్ల లోపు ఉంటే అడ్డం బీమ్ తీసుకోండి, దాని ఎత్తు మీ నడుము దగ్గరికి రావాలి. వంగకుండా నిలబడి చేస్తారు. లావువే ఎక్కువైతే రెండు మార్గాలున్నాయి. నిలువుగా తిప్పుకునే యంత్రం, మొద్దును నేలమీద దొర్లించుకొచ్చి కిందనే పెట్టొచ్చు. కానీ నిలువు యంత్రం దగ్గర వంగో కూర్చునో చేయాలి, అది రోజులో గంటసేపు అయితే సరే, ఎనిమిది గంటలు చేస్తే మోకాళ్లు పోతాయి. రెండో మార్గం హైడ్రాలిక్ లిఫ్ట్ ఉన్న అడ్డం యంత్రం. అదే ఆయిల్‌తో ఒక చెయ్యి లాంటిది మొద్దును ఎత్తి బీమ్ మీదకి దొర్లిస్తుంది. డబ్బు పెంచి కొనాల్సిందంటూ ఉంటే, టన్నుల కోసం కాకుండా ఆ లిఫ్ట్ కోసం పెంచండి. నేను అడ్డం తిరిగి వాదిస్తున్నానని కొందరికి అనిపించొచ్చు, కానీ ఈ మాట మీద నేను గట్టిగా ఉంటాను.

లిఫ్ట్ లేకపోయినా, బీమ్‌కి రెండు వైపులా బల్లలు తప్పక ఉండాలి. చీలిన సగాలు వాటిమీదే ఆగితే వంగే పని తప్పుతుంది. బల్లలు లేని యంత్రం కొంటే, మీ ఊళ్లో వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గర ముందు అవి చేయించుకోండి, తర్వాతే పని మొదలుపెట్టండి.

స్ట్రోక్ పొడవు గురించి ఒక్క మాట. 40 సెంటీమీటర్ల మొద్దులే చీల్చేవాళ్లకు 60 సెంటీమీటర్ల స్ట్రోక్‌లో 20 సెంటీమీటర్లు వృథా. పోవడంలో వృథా, రావడంలో వృథా. ర్యామ్ పూర్తిగా వెనక్కి పోకుండా మధ్యలో ఆగేలా స్టాపర్ ఉన్న యంత్రం అడగండి. ఒక కాలరు, ఒక బోల్టు. అంత చిన్న వస్తువు వల్ల మూడో వంతు సమయం మిగులుతుంది.

వెడ్జ్ దగ్గరికి వద్దాం. ఒక మొద్దును నాలుగు పేళ్లు చేయాలంటే ఒంటి వెడ్జ్‌తో ఎన్ని స్ట్రోకులు? మూడు. ఆరు పేళ్లకు ఐదు. ఎన్ని పేళ్లు కావాలో దాంట్లోంచి ఒకటి తీసేయండి, అంతే. అదే నాలుగు ముఖాల వెడ్జ్ పెడితే నాలుగు పేళ్లు ఒక్క స్ట్రోక్‌లో వస్తాయి. పంపు మార్చినా, ఇంజను మార్చినా ఇంత లాభం రాదు. మరి అందరూ అదే ఎందుకు పెట్టరు? ఒకేసారి రెండు చీలికలు నెట్టాలి కాబట్టి బలం బాగా ఎక్కువ కావాలి. ఇందాక వద్దన్న 21 టన్నులకు ఇక్కడ పని ఉంది. నిటారు నార, మధ్యరకం లావు, పెద్ద సిలిండర్, దానికి తగ్గ పెద్ద పంపు, నాలుగు ముఖాల వెడ్జ్: ఈ ఐదూ కలిస్తే అది వ్యాపారం చేసే యంత్రం. చింతలాంటి చెక్కకు మాత్రం ఆ వెడ్జ్ తీసి పక్కన పెట్టాల్సిందే, మొద్దు దాంట్లో ఇరుక్కుపోతుంది. తీసి పెట్టుకునేలా, ఎత్తు సర్దుకునేలా ఉన్నది చూసుకోండి. ఎత్తు సర్దకపోతే మొద్దు మధ్యకి తగలదు, పైన రెండు పుల్లలు, కింద రెండు దిమ్మలు వస్తాయి.

వెడ్జ్ ఎక్కడుందో కూడా చూడండి. కొన్నింట్లో వెడ్జ్ ర్యామ్ కొసన ఉండి మొద్దులోకి దిగుతుంది. కొన్నింట్లో వెడ్జ్ బీమ్ చివర కదలకుండా ఉండి, ర్యామ్ మొద్దును దాని మీదకి నెడుతుంది. రెండో రకంలో పేళ్లు వెడ్జ్ దాటి అవతలికి వెళ్తాయి, వచ్చే మొద్దు ముందు పేళ్లను ఇంకా ముందుకు నెడుతుంది. అక్కడ ట్రాలీ పెట్టుకుంటే పేళ్లు నేలమీద పడవు. రోజంతా అమ్మకానికి చీల్చేవాళ్లకు నా ఓటు దీనికే. నిలువుగా తిప్పుకోవాలంటే మాత్రం మొదటి రకమే కావాలి.

ఫ్లైవీల్ యంత్రాల గురించి చాలామంది అడుగుతున్నారు. వాటిలో ఆయిల్ ఉండదు. బరువైన చక్రాలను ఇంజను తిప్పుతూ ఉంటుంది, లివర్ లాగగానే ఆ చక్రాల్లో నిలవున్న శక్తి పళ్ల పట్టీ ద్వారా ర్యామ్‌ను ఒక్కసారి ముందుకు విసురుతుంది. వెళ్లిరావడం మూడు సెకన్ల లోపే. నిటారు నార ఉన్న చెక్క మీద దాన్ని చూస్తే హైడ్రాలిక్ యంత్రం నిద్రపోతున్నట్టు అనిపిస్తుంది. కానీ అది నెట్టదు, కొడుతుంది. మొదటి దెబ్బకు చీలకపోతే ఆగిపోతుంది, మళ్లీ వెనక్కి తెచ్చి కొట్టాలి. అల్లుకున్న నార, కణుపులు ఎక్కువగా ఉన్నవాళ్లకు రోజంతా అదే పని అవుతుంది. ఆ వేగంలో చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి కూడా ఉండదు. సన్నటి, నునుపైన మొద్దులే వచ్చేవాళ్లు, ఒక్కరే జాగ్రత్తగా చేసుకునేవాళ్లు తీసుకోవచ్చు. తిరిగే మరలాంటి శంకువు ఉన్న యంత్రాలు కూడా కనిపిస్తాయి, అది చెక్కలోకి మెలితిరుగుతూ దిగి చీలుస్తుంది. అది చొక్కా అంచు పట్టుకుంటే మనిషినే లాక్కుంటుంది. నేను దాన్ని నా అడితీలోకి రానివ్వను.

శక్తి ఎక్కడినుంచి అన్నది త్వరగా చెప్పేస్తాను. మొద్దులు ఒకేచోటికి వస్తే, అక్కడ మంచి కరెంటు ఉంటే, మోటారు హాయి. పొగ లేదు, చప్పుడు తక్కువ. కానీ సన్నటి తీగతో దూరం నుంచి కరెంటు లాగితే వోల్టేజి పడిపోయి మోటారు కాలిపోతుంది. చెట్టు దగ్గరికే యంత్రం వెళ్లాలంటే పెట్రోల్ ఇంజను. ట్రాక్టరు ఉన్నవాళ్లు దాని వెనకాల ఇంజను శక్తిని బయటికి ఇచ్చే పీటీఓ షాఫ్ట్‌తో పంపు తిప్పుకోవచ్చు, మామూలుగా అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. ఆ షాఫ్ట్ మీద కవరు లేకుండా నడపొద్దు. మూసిన షెడ్డులో ఇంజను నడపొద్దు, పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇప్పుడు కొంచెం ఓపిగ్గా వినండి. నాకు బాగా తెలిసిన ఒకాయన రెండు వేళ్లు పోగొట్టుకున్నారు. యంత్రం పాడై కాదు. ఒకరు మొద్దు పెడుతున్నారు, ఇంకొకరు లివర్ లాగుతున్నారు. చాలా రోజులుగా ఇద్దరూ అలాగే చేస్తున్నారు, త్వరగా అవుతుందని. ఒకసారి మొద్దు పెట్టినాయన అది పక్కకి ఒరిగిందని సర్దబోయాడు. లివర్ దగ్గరున్నాయన అప్పటికే లాగేశాడు. ఇద్దరూ మంచివాళ్లు, ఇద్దరూ పని తెలిసినవాళ్లు. లివర్ లాగినాయన ఇప్పటికీ ఆ యంత్రం దగ్గరికి రాడు.

మొద్దు పెట్టే చెయ్యే లివర్ లాగాలి. రెండో మనిషి కావాలంటే మొద్దులు దగ్గరికి తెచ్చిపెట్టనివ్వండి, పేళ్లు పేర్చనివ్వండి, బీమ్ దగ్గరికి మాత్రం రానివ్వొద్దు. రెండు చేతులూ రెండు లివర్ల మీద ఉంటేనే ర్యామ్ కదిలే యంత్రాలున్నాయి. యూరప్‌లో వెడ్జ్ యంత్రాల భద్రతకు ఈఎన్ 609-1 అనే ప్రమాణం ఉంది. రెండు చేతుల ఏర్పాటు ఉన్నది దొరికితే అదే కొనండి. కొన్నాక ఒక లివర్‌కు తాడు కట్టి ఒంటి చేత్తో నడపకండి. అలా తాడు కట్టిన యంత్రాలు నేను చాలా చూశాను. చూసిన ప్రతిసారీ ఆగి, బతిమాలి ఆ తాడు విప్పించి వచ్చాను.

ఇంకొకటి. హోస్ పైపు మీద సూదిమొన అంత చిల్లు పడితే, లోపలి ప్రెజర్‌కు ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. ఎక్కడ కారుతోందో అని చేత్తో తడమొద్దు. అట్టముక్క పెట్టి చూడండి. ఒకవేళ లోపలికి పోతే, పైకి చీమ కుట్టినంతే కనిపిస్తుంది, నొప్పి కూడా ఉండకపోవచ్చు. ఉదయం చూద్దాంలే అనుకోకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ప్రెజర్‌తో ఉన్న ఆయిల్ చర్మం కిందకి పోయింది అని అదే మాట చెప్పండి. ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, నేను ఒక్కదాన్నే పని చేసుకుంటాను. మొద్దులు లావువే వస్తాయి. నిలువు యంత్రం తీసుకోమంటారా?

లావు ఎంతమ్మా? 50 సెంటీమీటర్లా. అంటే 40 సెంటీమీటర్ల పొడవుకు ఒక్కోటి దాదాపు 80 కిలోలు. రోజూ ఎంతసేపు చేస్తారు? నాలుగు గంటలైతే నిలువుది వద్దమ్మా. లిఫ్ట్ ఉన్న అడ్డం యంత్రం చూడండి, సిలిండర్ 100 మిల్లీమీటర్లదైనా ఫరవాలేదు. అంత ఇప్పుడు పెట్టలేమంటే, అడ్డంగానూ నిలువుగానూ తిరిగేది తీసుకుని, లావువాటిని ముందు నిలువుగా పెట్టి రెండు ముక్కలు, నాలుగు ముక్కలు చేసి పక్కన పడేయండి. ఒక పూటంతా అదే పని. తర్వాత బీమ్ అడ్డంగా తిప్పి, ఆ ముక్కల్ని నిలబడి పేళ్లు చేసుకోండి. కూర్చునే సమయం బాగా తగ్గుతుంది.

ప్రశ్న: ఆయిల్ బాగా వేడెక్కుతోందండీ. మధ్యాహ్నానికి ట్యాంకు మీద చెయ్యి పెట్టలేకపోతున్నాం, యంత్రం కూడా నీరసపడుతోంది.

ట్యాంకులో ఆయిల్ ఎంత పడుతుంది? 12 లీటర్లేనా. పంపు 40 లీటర్లది. అంటే అదే ఆయిల్ నిమిషానికి మూడుసార్లకు పైగా తిరుగుతోంది, చల్లబడే తీరిక లేదు. వేడెక్కితే పలచబడుతుంది, పలచబడితే పంపు లోపలే జారిపోతుంది, మీరు నీరసమంటున్నది అదే. 80 డిగ్రీలు దాటితే ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు కూడా చెడతాయి. మూడు పనులు చేయండి. వేడి ప్రాంతమైతే 46 గ్రేడు ఆయిల్ వాడుతున్నారో లేదో చూడండి. ఆయిల్ ట్యాంకుకు తిరిగొచ్చే దారిలో ఉండే రిటర్న్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో చూడండి. రిటర్న్ హోస్ లావు చూడండి. ర్యామ్ వెనక్కి వచ్చేటప్పుడు సిలిండర్ నుంచి బయటికి వచ్చే ఆయిల్, పంపు ఇచ్చేదానికన్నా ఎక్కువ ఉంటుంది. పంపు 40 ఇస్తుంటే 50కి పైగా వెనక్కి రావచ్చు. అది సన్నటి పైపులో ఇరుక్కుని కూడా వేడెక్కుతుంది. ఇవి మూడూ బాగుంటే పెద్ద ట్యాంకు వేయించుకోండి.

ప్రశ్న: అన్నా, కొత్తది కొనే స్తోమత లేదు. పాతది చూశాను, వచ్చే వారం వెళ్తున్నాను. ఏం చూడాలి?

రాడ్ మీద వేలితో తడిమి చూడు తమ్ముడూ, యంత్రం ఆపి ఉన్నప్పుడు. మెరుపు పూత మీద గీతలు, తుప్పు గుంటలు తగిలితే అది సీళ్లను తింటూనే ఉంటుంది. ఆయిల్ మూత తీసి చూడు, పాలలా ఉంటే నీళ్లు కలిశాయి. బీమ్ ఒక చివర కన్ను పెట్టి రెండో చివర దాకా చూడు, వంగిందేమో తెలుస్తుంది. వెడ్జ్ మొదట్లో, సిలిండర్ వెనకాల ఉన్న వెల్డింగులు చూడు. అక్కడ మళ్లీ వేసిన వెల్డింగ్ కనిపిస్తే ఎందుకు విరిగిందో అడుగు. బలం చాలడంలేదని ఎవరైనా ప్రెజర్ హద్దు దాటకుండా ఆపే రిలీఫ్ వాల్వ్ బిగించి ప్రెజర్ పెంచి ఉంటే అలాగే విరుగుతుంది. ప్రెజర్ గేజి ఒకటి తీసుకెళ్లి పెట్టించి చూడు, కంపెనీ చెప్పిన ప్రెజర్ కన్నా ముల్లు పైకి పోతే దాన్ని వదిలేసి వచ్చెయ్. అన్నింటికన్నా ముఖ్యం, నీ అడితీ నుంచి మొద్దులు బండిలో వేసుకుని వెళ్లు. వాళ్లు చూపించేవి వాళ్లు ఏరి పెట్టుకున్న మొద్దులు. నీ కుప్పలో నీకు అన్నింటికన్నా భయం వేసేది ఒకటి, రోజూ వచ్చేవి ఒక పది.

ఇంకెవరైనా? లేకపోతే బయటికి వెళ్దాం. యంత్రానికి అటువైపు ఎవరూ నుంచోవద్దు, పేళ్లు అటే వస్తాయి. కళ్లద్దాలు బల్లమీద పెట్టాం, తలా ఒకటి తీసుకోండి. ముందు సరుగుడు పెడతాను, తర్వాత నాలుగు ముఖాల వెడ్జ్ తీసేసి చింత పెడతాను. ఇంజను శబ్దం ఎక్కడ మారుతుందో వినండి.